తువ్వాలు వేసిన సీటు

తొంభైల్లో నూలు మిల్లు నన్ను తీసేసి, నేనే మానేశానని రాసుకుంది. నేను కేసు వేశాను. వాయిదా రోజున జగ్గయ్యపేటలో నందిగామ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి, మిల్లు వాచ్‌మన్ నాకూ సీటు ఆపాడు. గేటు దగ్గర నన్ను లోపలికి పోనివ్వనిది ఆయనే. ఇప్పుడు మిల్లు తరఫు సాక్షీ ఆయనే.

"తనే రావడం మానేశాడండీ," అని కోర్టులో నా మొహం చూడకుండా చెప్పాడు. మా లాయరు ఆయన్ని ప్రశ్నించడం వచ్చే నెలకి పడింది.

తిరుగు బస్సులోనూ తువ్వాలు వేశాడు. చచ్చినా ఆయన పక్కన కూర్చోకూడదనుకున్నాను. పొద్దుటినుంచీ కోర్టు వరండాలో నిలబడ్డ కాళ్లు నా పంతం వినలేదు.

"వచ్చే నెలా ఇద్దరం రావాలా బావా?" అని ఆయన అడిగాడు.

"రావాలి."

మరుసటి నెల వాయిదాకి నేనే ముందెక్కాను. పక్క సీట్లో నా తువ్వాలు పరిచి, ఆయన కోసం చూస్తూ కూర్చున్నాను.