పాలపిట్ట కాలి మీద ఆకు

పిట్ట బరువెంత? గుప్పెడు. ఆ గుప్పెడు బరువే ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కొంపల్లిలో మా ఇంటి హాల్లో ఒక ఫొటో ఉంది. మొద్దు మీద పాలపిట్ట. సూటిగా చూస్తుంటుంది. కంట్లో చిన్న వెలుగుచుక్క. వచ్చినవాళ్లు దాని ముందు ఆగిపోతారు. ఎక్కడ తీశారంటే శామీర్‌పేట చెరువు దగ్గర అంటాను. అంతవరకు నిజమే.

తొంభైల చివర్లో నేనూ, మా వీధిలో ఉండే కళా (అసలు పేరు అది కాదు) కలిసి పిట్టల ఫొటోలు నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఆదివారం తెల్లారగానే చెరువు గట్టుకు పోయేవాళ్లం. రీలు కడిగిస్తే ఆకాశంలో ఒక నల్లచుక్క, లేదంటే తల లేని తోక. మెల్లగా కొన్ని సంగతులు తెలిశాయి. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. నిలబడి కాదు, నేల మీద చతికిలబడి పిట్ట కంటి ఎత్తులో చూడాలి. కన్ను స్పష్టంగా పడాలి. తెలియడం వేరు, చేతికి రావడం వేరు. పాలపిట్ట తీగ మీద మట్టిరంగు ముద్దలా కూర్చుని ఉండేది. ఇంకొక్క అడుగు వేద్దామనుకునేసరికి రెక్కలు విప్పేది.

ఆ నీలం! అంతసేపూ ముడిచి దాచుకున్నదంతా ఒక్కసారి గాల్లో పరిచినట్టు. ఎవరితోనైనా వాదించి నోరు మూయించే నేను, నోరు తెరుచుకుని నిలబడిపోయేదాన్ని. బటన్ నొక్కడం కూడా గుర్తుండేది కాదు.

అది చాలదా? నాకు చాలలేదు. కెమెరా మెడలో వేసుకుని తిరుగుతుంటే కాలనీలో నవ్వినవాళ్లందరికీ జవాబు చెప్పాలి. నాకు ఫొటో కావాలి.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా దగ్గర నమ్మకం. జనానికి చూపించడానికి కొందరు ముందే పట్టి పంజరాల్లో తెస్తారు. అలాంటి ఒకతను మేడ్చల్ రోడ్డు మీద కనిపించాడు. కళకు చెప్పకుండా అతన్నీ పిట్టనూ చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. అతను నల్లదారంతో దాని కాలిని మొద్దుకు కట్టాడు. దారం కనిపించకుండా నేను కాలి మీద ఒక ఎండుటాకు పెట్టాను. వీపు వెనక సూర్యుడు. నేల మీద నేను. నేర్చుకున్న సూత్రాలన్నీ పాటించాను.

లెన్స్‌లోంచి చూశాను. రొమ్ము మీద ఊదారంగు ఛాయ, దాని మీద కుంచెతో గీసినట్టు సన్నని తెల్ల గీతలు. గొంతు ఆడుతోంది. కంటి పాపలో చెరువంతా ఉంది. ప్రాణమున్నదాన్ని అంత దగ్గరగా, అంత పూర్తిగా నేనెన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి. ఆ ఆశ్చర్యం దొంగది కాదు, ఒట్టు. నాకిప్పటికీ అర్థం కానిది అదే. చేతులెత్తి దండం పెట్టాలనిపించిన దాన్నే కట్టేసి ఎలా ఉంచగలిగాను? ఆ మనిషి దాన్ని మళ్లీ పంజరంలో వేసుకుని పోతుంటే, వదిలెయ్యమని ఒక్క మాట ఎందుకు అనలేదు?

ఫొటో చూసి కళ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అక్కా, గింత దగ్గరికి ఎట్ల పోయినవు? నేను జర కదిలితే సాలు, తుర్రుమంటది!"

"ఓపిక ఉండాలె కళా. నీకు ఒక్క జాగల కూసునుడే రాదు. కెమెరా మెడలేసుకుంటెనే ఫొటోలొస్తయా?"

"నిజమే అక్కా. మా అత్త గూడ గదే అంటది, కూసుంటె కుంపటి మీద కూసున్నట్టు కూసుంటవని." నవ్వింది. "సూడు, ఈసారి రాయి లెక్క కూసుంట."

కూర్చుంది కూడా. ఆ చలికాలమంతా గట్టు కింద తుమ్మచెట్ల మధ్య కదలకుండా కూర్చుంది. చీమలు కుట్టినా, కాళ్లు తిమ్మిరెక్కినా లేవలేదు. నా ఫొటోలో ఉన్నంత దగ్గరికి ఏ పాలపిట్టా రాలేదు. ఎలా వస్తుంది? నాకు తెలుసు. పక్కనే కూర్చుని ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చాను గానీ నిజం చెప్పలేదు.

చివరికి ఒక ఫొటో తెచ్చి చూపించింది. మసకగా ఉంది. రెక్కలు విప్పిన నీలం ఒక పక్కకు కొట్టుకుపోతోంది. "తలకాయ ఏదే దీనికి?" అన్నాను. మా ఇంటికొచ్చిన కాలనీవాళ్లందరి ముందూ అన్నాను. ఆమె ఈసారి నవ్వలేదు. "నా చేతికి పిట్టలు రావక్కా" అని కెమెరాను బీరువాలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు.

ఆ మసక ఫొటో మా ఇంట్లోనే మరిచిపోయింది. ఇప్పుడు అందరి చేతుల్లో డిజిటల్ కెమెరాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చి చిట్కాలు అడుగుతారు. ఓపిక అంటాను. నిన్న ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆమె దాంట్లో పిట్ట ఎగిరిపోతోంది. ఆ రెక్కల ముందు మళ్లీ నోరు తెరుచుకుని నిలబడ్డాను.

కళ ఇది చదువుతుందో లేదో. చదివితే క్షమించమని అడగను. ఆ చలికాలాన్ని తిరిగి ఇవ్వలేను కదా. చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

కాదు, ఇంకొకటి మిగిలింది. పైన అతను కట్టాడని రాశాను. అతను వదులుగానే కట్టాడు. పిట్ట కదులుతోందని ముడి బిగించింది నేను.