ముందుగా తీసిన చట్నీ

ఎంగిలి విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. మా ఇంట్లో మంచినీళ్ళు ఎత్తి తాగాల్సిందే. పచ్చడి జాడీలో తడి చెయ్యి పెట్టినవాళ్ళు నా నోటికి జడవాల్సిందే. నాన్నకు పోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ గోదావరి జిల్లా నుంచి పెట్టె బేడాతో పాటు ఈ పట్టింపునూ విశాఖపట్నం మోసుకొచ్చింది. అలాంటి నేను కట్టుకున్నదేమో, సాయంత్రమైతే నలుగురు స్నేహితులతో ఒకే గిన్నెలో బజ్జీ ముంచుకుని తినే మనిషిని.

కూర్మన్నపాలెం దగ్గర మా క్వార్టర్ల మలుపులో ఒక కల్వర్టు ఉంది. స్టీలు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి, ఓ కునుకు తీసి, అందరూ అక్కడ చేరతారు. జంక్షన్‌లో బండి మీద నుంచి వేడివేడి పునుగులు వస్తాయి. పేపరు పరిచి వాటిని కుమ్మరిస్తారు. చట్నీ పొట్లం విప్పి మధ్యలో స్టీలు గిన్నెలో వంపుతారు. సగం కొరికిన పునుగును మళ్ళీ అందులోనే ముంచుతారు. అడుగున మిగిలింది వేలితో ఊడ్చేస్తారు, ఎవరి వేలన్నది ఎవరికీ పట్టదు. ఆ గిన్నె మాదే. ఇంటికొచ్చాక దాన్ని మరుగునీళ్ళు పోసి తోమేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక చెంచాలు పట్టుకెళ్ళి ఇచ్చాను. వాటితో కాసేపు కల్వర్టు మీద దరువేసి, భద్రంగా తిరిగిచ్చారు.

"ఏటక్కా, మాకేటి రోగాలున్నాయా?" అని నవ్వాడు క్రేన్ నడిపే స్నేహితుడు. మా ఆయన్ని వాళ్ళంతా బావా అంటారు కాబట్టి నేను అందరికీ అక్కని. ఇతను వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన ముస్లిం. పండగనాడు వాళ్ళింట్లో అన్నదమ్ములంతా ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారట. కలిసి తినడమంటే అతనికి అదీ. మా ఆయనకి ప్రాణస్నేహితుడు కూడా అతనే.

తర్వాత మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. ఆయన అన్నగారు ఒకటి ఇచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా వేసే మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని కూడా తగ్గిస్తాయట. మనకు జలుబుతో పోయేది ఆయన్ని ఆసుపత్రి పాలు చేయొచ్చట. బయటి తిండి వద్దు, ఒకరి ఎంగిలి అసలే వద్దు అన్నారు. ఇన్నేళ్ళ నా పట్టింపుకి డాక్టరుగారు వత్తాసు పలికారన్నమాట. నాకేమీ సంతోషం కలగలేదు.

ఆయన కోలుకుని తేలిక పనిలో చేరారు. కల్వర్టు మీద నుంచి పిలుపులు మొదలయ్యాయి. ఈయన ఒకరోజు నడుం నొప్పన్నారు, ఇంకోరోజు నిద్రొస్తోందన్నారు. పిలిచినవాళ్ళు వెళ్ళిపోయాక కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కల్వర్టు మీదున్న వాళ్ళనే చూస్తూ కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఉన్నమాట చెప్పేస్తే పోయేదానికి ఈ దొంగచూపులేమిటండీ?" అన్నాను.

"ఏటని సెప్పమంటావు? మీ సేతులు తగిలింది నాను తిన్ను అనా?" అన్నారు. "ఆ మాట మా నాన్నని ఎంతమంది అన్నారో నీకు తెల్దు. నా నోట్లోంచి రాదు. అందులో ఆ క్రేనోడితో అస్సలనలేను."

మామగారిని వాకిట్లోనే నిలబెట్టి, పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసిన ఇళ్ళ గురించి పెళ్ళయిన కొత్తలో విన్నాను. ఇక ఆ మాట ఆయన చేత అనిపించాలని చూడలేదు. కానీ చూస్తూ ఊరుకోలేకపోయాను. కిడ్నీ బాగానే పనిచేస్తోంది, మనిషే పనిచేయడం మానేశాడు. పలకరిస్తే పలుకు, లేకపోతే లేదు. ఇలాగే ఉంటే ఆయన మళ్ళీ నలుగురిలో పడరేమోనని భయం పట్టుకుంది.

రైతుబజారులో వంకాయలు ఏరుకుంటుంటే క్రేన్ స్నేహితుడు ఎదురయ్యాడు. ముఖం ముడుచుకుని ఉంది.

"బావకి మామీద కోపమేటక్కా? ఆపరేషనప్పుడు నాను సెలవు దొరక్క రాలేకపోయాను. అందుకేనా మాట్లాడ్డం లేదు?"

నా నోరు ఆగలేదు. డాక్టరుగారి మాట, మా ఆయన మాట, మామగారి సంగతీ, అన్నీ ఆ వంకాయల ముందే కక్కేశాను. అతను ఒక వంకాయ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను.

"అంతేనేటి?" అన్నాడు చివరికి. "అమ్మోరి పండక్కి మీరంతా ఎవుళూ ముట్టకముందు అమ్మోరికని తీసి పక్కనెడతారు గదక్కా. సిన్నప్పట్నించి మా పక్కిళ్ళల్లో సూత్తన్నాను. బావకీ అలాగే తీసేత్తాం."

మర్నాడు సాయంత్రం నలుగురూ మా ఇంటికే వచ్చేశారు. నేను పునుగులు వేసి, పల్లీల చట్నీ రుబ్బి ఉంచాను. పెరట్లో కుళాయి దగ్గర వరసగా నిలబడి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటుంటే, మా ఆయన గడపలో బిక్కమొహం వేసుకుని చూశారు. నేను చెప్పేశానని అర్థమైంది. నా వైపు ఉరిమి చూశారు. నేను ఆఖరి వాయ తీయడంలో మునిగిపోయినట్టు నటించాను.

క్రేన్ స్నేహితుడు ఎవరూ ముట్టకముందే చిన్న గిన్నెలోకి చట్నీ, పళ్ళెంలోకి పునుగులు తీసి మా ఆయన ముందు పెట్టాడు. "ఇది బావది. ఇందులో ఎవుడి సెయ్యి పడ్డా ఇరగ్గొడతాను."

ఆయన తలెత్తలేదు. కాసేపు అందరూ పెళ్ళిచూపుల్లో ఉన్నట్టు కూర్చున్నారు. అంతలో ఒకరు కొత్త ఇంజనీరుగారి గొంతును అనుకరించారు. దాంతో కల్వర్టు మా వరండాలోకి వచ్చేసింది. మాటల్లో పడి మా ఆయన తన గిన్నె ఖాళీ అయిన సంగతి చూసుకోలేదు. సగం కొరికిన పునుగు పట్టుకుని, పాత అలవాటుగా మధ్యలో గిన్నె మీదికి చెయ్యి చాచారు.

నేను అరిచేలోపే క్రేన్ స్నేహితుడు ఆ గిన్నెను ఎత్తి నెత్తిమీద పెట్టుకున్నాడు.

"ఎంగిలి బావా, ఎంగిలి!"

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన ఒకసారి అతన్ని చూసి, ఒకసారి నన్ను చూసి, పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు. స్నేహితులు పునుగుల వైపు చూస్తూ కూర్చున్నారు. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడానికి లోపలికి పోయి, మిగిలిన చట్నీ పట్టుకొచ్చాను.

కళ్ళు మసకగా ఉండి, అలవాటుగా మధ్యలో గిన్నెలో వడ్డించబోయాను. నలుగురూ ఒక్కసారే అడ్డు పడ్డారు.

"ముందు బావకక్కా!"