గాలికి ఎదురుగా వేసిన రోడ్డు

మా ఊరికి రోడ్డు రాకముందు మాట ఇది. నా చిన్నప్పుడు, నయాపైసలు కొత్తగా చేతికొస్తున్న రోజుల్లో, మా నాయన బత్తలపల్లె పక్కనున్న మా ఊరి నుంచి ధర్మవరం నూనె మిల్లుకు రోజూ సైకిల్ మీద పోయేవాడు. ఆయనతో మా చిన్నాయన, ఇంకో నలుగురు. మిల్లు కూత వేసి గేటు మూసేశారంటే ఆ రోజు పని లేనట్టే.

బయలుదేరే ముందు మా నాయన గుప్పెడు మన్ను గాలిలో వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసి ఏ దారిన పోవాలో చెప్పేవాడు. వాన పడితే రేగడి నేల వైపు పోకూడదు, బంక చక్రాలకు అంటుకుని సైకిల్‌నే మోయాల్సి వస్తుంది. గొర్రెల కాపర్లు తుమ్మకొమ్మలు నరికిన చోటికి పోకూడదు, ట్యూబు దక్కదు. ఆషాఢంలో పడమటి గాలి మొహాన కొడుతుంది కాబట్టి గుట్ట చాటున ఎర్రగరుసు దారి పట్టాలి. అది ఒక మైలు ఎక్కువే. అయినా ముందుగా చేర్చేది అదే.

ఆకు కదలని మాఘమాసంలో ఒకరోజు రోడ్డు కొలవడానికి ఓవర్సీరు జీపులో వచ్చాడు. సైకిళ్ళవాళ్ళంతా అప్పుడు మిల్లులో ఉన్నారు. ఆయన పెద్దమనుషుల అరుగు మీద కాఫీ తాగి, గొలుసు పరిచి కొలిచి, గుట్ట నెత్తి మీదుగా, రేగడి మీదుగా తిన్నగా రోడ్డు గుర్తుకు సున్నం పూసిన రాళ్ళు పాతించాడు. రోడ్డుకు కావలసిన గరుసు గుట్ట చాటు దారిలోనే తవ్వాలని రాసుకున్నాడట. అంటే, వాళ్ళ రోడ్డు కోసం మా దారి పోతుంది.

ఆషాఢంలో ఆయన మళ్ళీ వచ్చినప్పుడు మా నాయన పోయి, గరుసు ఇంకోచోట తవ్వుకోమని, ఈ కాలంలో ఎదురుగాలికి గుట్ట మీద సైకిల్ తొక్కలేమని చెప్పుకున్నాడు. అరుగు మీదున్న ఒకాయన, "నీది సైకిలా, గాలిపటమా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు మా నాయన ఒక ఉపాయం చెప్పాడు. రేపు ఒకరు రాళ్ళ వెంట, ఒకరు గుట్ట చాటున పోతారు, ఎవరు ముందొస్తారో సారు మిల్లు గేటు దగ్గర నిలబడి చూడాలి. వస్తాలే అన్నాడు ఓవర్సీరు.

రాళ్ళ వెంట పోయినవాడికి గేటు అందదని మా నాయనకు తెలుసు. అందుకే అది తాను తీసుకుని, గుట్ట చాటుకు చిన్నాయనను పంపాడు. నేను మారాం చేసి క్యారియర్ ఎక్కాను. గుట్ట మీదికి రాగానే గాలి మమ్మల్ని వెనక్కి నెట్టింది. దిగి తోసుకుంటూ పోయాం. చేరేసరికి గేటు మూసి ఉంది. జీపు జాడ లేదు.

"మీ తమ్ముడు చూసి చూసి కూతకు లోపలికి పోయినాడన్నా. ఏ సారూ రాలేదు," అన్నాడు కాపలా ఆయన.

సారు దారి తప్పినాడేమో అన్నాను నేను. మా నాయన సైకిల్‌ను ఊరివైపు తిప్పాడు.

"ఆయప్ప దారి అడిగేదానికి రాలేదుమ్మా. చెప్పేదానికి వచ్చినాడు."

రోడ్డు పడింది. గుట్ట చాటు దారి గుంతలైపోయింది. మరుసటి ఆషాఢంలో మా నాయన గేటు అందక ఎన్నోసార్లు తిరిగొచ్చాడు. చివరికి మిల్లువాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. మా నాయన సైకిల్ అమ్మేసి, అదే రోడ్డుకు కంకర కొట్టడానికి కూలికి పోయాడు. జీపు వస్తే లేచి పక్కకు జరిగేవాడు.

అంత చూసినదాన్ని, నేనేం నేర్చుకున్నాను? నా మొగుడు పోయినాక కట్టించిన ఇంట్లో పొయ్యి ఎక్కడ ఉండాలో నేనే చెప్పాను. వండేది కోడలు. పడమటి గాలికి పొగంతా దాని మొహానికే. ఏడాది పొడుగునా దగ్గుకుంటూ వండింది. ముందే ఎందుకు చెప్పలేదని కసిరితే, తలెత్తకుండానే, "నన్నెవరడిగినారత్తా?" అంది.

ఆ సాయంత్రమే పొయ్యి పగలగొట్టి, కోడల్నే చోటు చూపమన్నాను. పొగ పోయింది. దగ్గు పోలేదు. అది వినబడినప్పుడల్లా ఇప్పటికీ నేను తల వంచుకుంటాను.