గౌరి జుట్టు, నూకరాజు మిషను

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పలాసలో ఒక డయాలసిస్ యూనిట్‌కి హెడ్ నర్సుగా బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్ళు కోరుకునే పోస్టింగు కాదది. కాదనే ఓపిక లేక వెళ్ళి చేరాను.

డయాలసిస్ అంటే పనిచేయని కిడ్నీల బదులు మిషను రక్తాన్ని శుభ్రం చేయడం. ఒక్కో మనిషికి ఒక్కో విడతకి నాలుగు గంటలు పడుతుంది. వారానికి రెండు మూడు సార్లు, బతికున్నన్నాళ్ళూ రావాలి. మిషను నడిపేది టెక్నీషియన్. రోగి బరువు, బీపీ చూసుకుంటూ పక్కన ఉండేది స్టాఫ్ నర్సు. ఎవరు ఏ మిషను మీద, ఏ పూట ఉండాలో నిర్ణయించడం హెడ్ నర్సు పని. మా యూనిట్‌లో మిషన్లన్నీ ఎప్పుడూ నిండి ఉండేవి. కొత్త రోగికి చోటు దొరకాలంటే పాతవాళ్ళలో ఎవరో ఒకరు పోవాలి. ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు, కానీ బయట బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు.

నూకరాజు మా పాత రోగి. కారణం తేలని కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానం తీరంలో, ఒక పల్లెలో చేపల వేటకెళ్ళే మనిషి. కిడ్నీలు పోయాక పడవ అన్నగారికి అప్పగించి, ఉదయం షిఫ్టులో కిటికీ పక్క మిషను మీదికి వచ్చేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు, గౌరి. డిగ్రీ చదివింది. టెక్కలిలో ఒక బట్టల షోరూములో ఉద్యోగం వచ్చిందని తండ్రే నాతో చెప్పాడు.

ఆ సంవత్సరం వర్షాలు మొదలైన రోజుల్లో గౌరిని తల్లి పోలమ్మ క్యాజువాలిటీకి తీసుకొచ్చింది. రెండు రోజులుగా వాంతులు, నడుం నొప్పి, మూత్రం తగ్గిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా పెరిగి ఉంది. ఊరు ఏదని అడిగారు, తండ్రికి ఏమిటని అడిగారు. ఆ రెండు జవాబులతో అక్కడున్న అందరికీ విషయం తేలిపోయింది. పోలమ్మ ఏడవలేదు. గోడకి ఆనుకుని, "ఒచ్చీసింది సిస్టరమ్మా. దీనికీ ఒచ్చీసింది," అంది.

మా నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు గారు, వయసులో చిన్నవాడు. తొందరపడే మనిషి కాదు. స్కానింగు రెండోసారి చూశారు. ఉద్దానం జబ్బు ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కిడ్నీని తినేస్తుంది, దొరికేసరికి కిడ్నీ చిన్నదైపోయి ఉంటుంది. గౌరి కిడ్నీలు మామూలు సైజులోనే ఉన్నాయి. నొప్పి మాత్రలు వేసుకుందా, నాటు మందు తాగిందా అని ఆయన అడిగారు. ఆ అమ్మాయి అన్నిటికీ లేదంది. డయాలసిస్ వెంటనే మొదలుపెట్టకుండా, సెలైన్ పెట్టి, మూత్రం కొలుస్తూ ఒకటి రెండు రోజులు చూద్దామన్నారు.

మర్నాడు నేను గౌరికి మొహం తుడిచి జడ వేయబోతే దువ్వెన తలకి తగలనివ్వలేదు. పాయ తీసి చూస్తే మాడు మీద అక్కడక్కడ పుళ్ళు, ఎండిన పొక్కులు. జుట్టు మాత్రం నిటారుగా, నున్నగా ఉంది. తండ్రి వెంట వచ్చినప్పుడు నేను చూసిన గౌరిది రింగుల జుట్టు.

ఏం చేసుకున్నావని అడిగితే తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. "షోరూములో జుట్టు నీటుగా ఉండాలన్నారండి. నాల్రోజుల కిందట పార్లర్‌లో సేయించీసుకున్నాను. క్రీము రాసి, కడిగి, ఆరబెట్టి, మిషన్తో నొక్కారు. పొగొచ్చింది. మంటెట్టింది గానీ ఊరుకున్నాను."

ఇంతకుముందు ఎప్పుడైనా చేయించుకున్నావా అన్నాను. సంక్రాంతి వెళ్ళాక ఒకసారి చేయించుకుందట, మూడు నెలలకే మళ్ళీ రింగులు తిరిగిపోయిందట. అప్పుడూ రెండు రోజులు కడుపులో తిప్పిందట, తిన్నది పడలేదనుకుందట.

రౌండ్స్‌లో డాక్టరు గారికి చెప్పాను. ఆయన చేతిలోని పెన్ను జేబులో పెట్టేసి, ఆ క్రీము డబ్బా దొరుకుతుందా అన్నారు. ఇలాంటి కేసులు బయట దేశాల్లో కొన్ని వచ్చాయని ఆయన చదివారట.

పార్లర్ కాశీబుగ్గలో ఒక మేడ మీద ఉంది. నడిపే అమ్మాయి పేరు శైలజ. చేతి వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఉంది. నేను ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే కుర్చీ చూపించి తను నిలబడింది.

"ఫార్మలిన్ ఉన్నది వాడొద్దన్నారని మానీసానండి. ఇది ఫార్మలిన్ లేనిదేనండి. డబ్బా మీదుంది సూడండి. నా జుట్టుకీ ఇదే ఎట్టుకున్నాను."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఫార్మలిన్ లేదని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంది. దానికి బదులు వేసిన గ్లైఆక్సిలిక్ ఆసిడ్ పేరు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. డాక్టరు గారు తరువాత నాకు వివరించారు. ఆ ఆసిడ్ రాసిన జుట్టుని వేడి మిషనుతో నొక్కేటప్పుడు మాడు కాలితే, అది లోపలికి ఇంకుతుంది. ఒంట్లో ఆక్సలేటుగా మారి, సన్నని స్ఫటికాలుగా కిడ్నీ గొట్టాలకి అడ్డం పడుతుంది. అందరికీ అలా కాదు. కొందరికి అవుతుంది.

రుజువు కావాలంటే కిడ్నీ ముక్క తీసి పరీక్షించాలి. అది విశాఖలో చేస్తారు. ఆ ఏర్పాట్లలో మేముండగా నూకరాజు తన షిఫ్టుకి రాలేదు. తరువాతి షిఫ్టుకీ రాలేదు. ఫోను కట్టేసి ఉంది. రెండు డయాలసిస్‌లు తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ స్టాఫ్‌కి అప్పగించి ఆటోలో వాళ్ళ పల్లెకి వెళ్ళాను. అలా వెళ్ళాలని రూలు లేదు. ఆఫీసులో కూర్చోవడం కూడా నావల్ల కాలేదు.

అరుగు మీద రెండు తలగడలకి ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. నన్ను చూసి లేవబోయాడు, కుదరలేదు.

"ఎందుకు రాలేదు రాజూ?"

"నా మిషను పాపకిచ్చీండి సిస్టరమ్మా."

"పాపకి మిషను అక్కర్లేదు. తనది నీ జబ్బు కాదు."

"ఉద్దానంలో కిడ్నీకి ఇంకో జబ్బొత్తాదేటి?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఖాళీ అయితే గాని మీరివ్వరు. నాకు తెల్దేటి? సూడాల్సిందంతా సూసీసాను. దాన్ని బతకనీండి."

క్రీము సంగతి, పుళ్ళ సంగతి అంతా చెప్పాను. జుట్టుకి రాసుకున్నది కిడ్నీకి ఎలా వెళ్తుందని అడిగాడు. నేను ధైర్యం చెప్పడానికి కథ అల్లుతున్నానని అనుకున్నాడు. నేనింకా ఏం చెప్పినా వినేలా లేడు. నా ఫోనులో గౌరికి కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆ అమ్మాయి గొంతు నాకూ వినపడింది.

"నాన్నా, పొద్దున్నించి మూత్రం బాగా అవుతంది. డాక్టరుగారు నవ్వేరు. నువ్వొచ్చి సూసుకో. రాకపోతే నేను సెలైన్ పీకీసి ఇంటికొచ్చేత్తాను."

ఆయన ఫోను నాకిచ్చి, అన్నగారిని పిలిచి చొక్కా అడిగాడు. ఆటోలో దారంతా కూర్చునే ఊపిరి పీల్చుకున్నాడు. అత్యవసరం కింద సాయంత్రం షిఫ్టు చివర ఆయన్ని మిషను మీదికి ఎక్కించాం. గౌరి సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది.

విశాఖ రిపోర్టులో ఆక్సలేటు స్ఫటికాలని వచ్చింది. నెల దాటేసరికి గౌరి క్రియాటినిన్ మామూలుకి దగ్గరైంది. డయాలసిస్ అవసరం పడలేదు. జీవితంలో మళ్ళీ ఆ క్రీములు వాడొద్దని డాక్టరు గారు రాసిచ్చారు. ఆ అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని ఉద్యోగంలో చేరింది. షోరూము వాళ్ళు ఏమీ అనలేదట. అసలు నిటారు జుట్టే కావాలని వాళ్ళు అడగనే లేదని, నీటుగా ఉండాలన్నదాన్ని తనే అలా అనుకున్నానని ఒకసారి నాతో అంది.

శైలజ కొన్నాళ్ళు ఆ పని ఆపేసింది. తరువాత వేరే పేరున్న క్రీముతో మళ్ళీ మొదలుపెట్టిందని విన్నాను. పెళ్ళిళ్ళ సీజనులో అందరూ అదే అడుగుతారు, ఆమెకి ఇల్లు గడవాలి. ఆ క్రీము గురించి మేము పై అధికారులకి రాసిన కాగితానికి జవాబు రాలేదు. నూకరాజు మరుసటి ఏడాది గుండె ఆగి పోయాడు. ఆయన మిషను మీద ఆ వారమే నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఒకావిడని వేశాం.

రిటైరయ్యేదాకా కొత్తగా వచ్చిన నర్సులకి నేను నేర్పింది ఒకటే. ఒక ప్రాంతానికి ఒక జబ్బు పేరు స్థిరపడిపోయాక, అక్కడి మనుషులకి మిగతా జబ్బులు కనిపించకుండా పోతాయి. రోగులకీ అంతే, మనకీ అంతే. కాబట్టి ఊరు ఏదని అడిగే ముందు, ఈ వారంలో ఏం మింగారు, ఒంటికి ఏం రాసుకున్నారు అని అడగాలి. నూటికి తొంభైమంది ఏమీ లేదంటారు. వాళ్ళకి ఉన్నది ఉద్దానం జబ్బే అవుతుంది. అయినా తరువాతి మనిషిని అడగాలి.