ఆదివారం పంచర్లు

సైకిలు టైర్ల గురించి నాకు సలహా ఇవ్వని మనిషి కలకత్తాలో లేడేమో అనిపిస్తుంది. వెడల్పుది కొనమన్నవాళ్లున్నారు, సన్నటిది కొనమన్నవాళ్లున్నారు. గాలి తక్కువ కొట్టమన్నారు, ఎక్కువ కొట్టమన్నారు. ట్యూబు లేని టైరు వేసుకోమని ఒకరంటే, చచ్చినా దాని జోలికి పోవద్దని ఇంకొకరు. వీళ్లలో ఒక్కరూ ఆదివారం తెల్లారగట్ల కంటైనర్ లారీల పక్కన, పేవ్‌మెంటు మీద, చేతులు మసి చేసుకుని నాతో కూర్చోలేదు. కూర్చుని ఉంటే అంత తేలిగ్గా నోరు విప్పేవాళ్లు కాదు.

నాకు ఈ టైర్ల పిచ్చి ఊరికే పట్టలేదు. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ ఊపిరి తిప్పుకోకుండా ఒకదాని వెంట ఒకటి చెయ్యాలి. కిందటేడు ఒడిశా తీరంలో జరిగిన పోటీకి వెళ్లాను. ఈత బాగానే అయింది. సైకిలు సగంలో ఉండగా వెనక టైరు కోసుకుపోయింది. వేగం కోసమని ఉల్లిపొరలాంటి టైర్లు కొనుక్కున్నాను మరి. నడవడానికి పనికిరాని సైకిలు బూట్లు చేత పట్టుకుని, సైకిలు తోసుకుంటూ, కాలే తారు మీద నడిచాను. పరుగు మొదలుపెట్టే చోటికి చేరేసరికి గడువు దాటిపోయింది. అక్కడున్న కాలేజీ పిల్ల వంగి నా కాలికున్న టైమింగు పట్టీ విప్పుకుంటూ, బాగా చేశారంది. బాగా చెయ్యలేదు. పూర్తి చెయ్యనివాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఆ రోజే అనుకున్నాను, వచ్చే ఏడు ఎంత వెనకబడినా సరే, ఆ గీత దాటాలి. నాకు కావలసింది అదొక్కటే.

మేం ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాం, అమ్మా నేనూ. నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడి ఓడరేవు డాకులో కూలీగా చేరాడు. నేను స్కూల్లో ఉండగా, ఒకరోజు డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి వస్తుంటే ట్రైలరు లారీ గుద్ది పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లోకి సైకిలు రాలేదు. అమ్మ బ్లౌజులు కుట్టి నన్ను చదివించింది. ఓడ సరుకుల క్లియరింగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక, ఈత నేర్పించే క్లబ్బులో ఈ పోటీల గురించి విని, నేనే సొంతంగా సైకిలు కొని తెచ్చాను. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయ తెచ్చింది.

కొత్త బండి వస్తే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం మా వాళ్లందరికీ అలవాటే. అమ్మ దానికి విరిగిన ఇనప ముక్క కూడా ఏదో గుచ్చబోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఒక్క నిమ్మకాయే. దీని మీంచి తోల్సీ, అంతే," అంది.

"అమ్మా, ఇది లారీ కాదు. ఈ టైరు ఎంత పల్చగా ఉందో చూడు."

"పల్సనైనా సక్రం సక్రమే కదా. దాని కింద నిమ్మకాయ నలగాల. నేకపోతే ఎలగ?"

"వద్దంటే వద్దు."

అమ్మ నిమ్మకాయ తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గెలిచాననుకున్నాను.

ఇక టైర్ల వేట. పోటీ నుంచి వచ్చాక, తెల్లారకుండా లారీల రోడ్డు మీద సైకిలు తొక్కే జట్టొకదాంట్లో చేరాను. పొద్దెక్కితే పెద్ద రోడ్ల మీద సైకిళ్లను పోనివ్వరు కాబట్టి చీకటితోనే బయల్దేరతాం. జట్టులో పెద్దాయన ఒక బెంగాలీ, అందరం దాదా అంటాం. ఆయన మాట ప్రకారం ఉల్లిపొర టైర్లు తీసేసి, లోపల మందపాటి రబ్బరు పొర ఉన్న ప్రాక్టీసు టైర్లు వేయించాను. ఏనుగు తొక్కినా ఏమీ కాదన్నాడు షాపువాడు. నిజానికి నేనే ఏనుగును తొక్కుతున్నట్టుండేది. అందరితో పాటే బయల్దేరేదాన్ని, విద్యాసాగర్ సేతు ఎక్కేసరికి వాళ్ల వెనక లైట్లు కూడా కనిపించేవి కావు. అయినా ఓర్చుకున్నాను. పంచరు పడకపోతే చాలనుకున్నాను.

పడింది. ఆదివారమే పడింది. తర్వాతి ఆదివారమూ పడింది.

మంగళవారం, గురువారం అదే రోడ్డు మీద వెళ్లేదాన్ని, గాలి కూడా తగ్గేది కాదు. దూరం తొక్కే ఆదివారం మాత్రం డాకు గోడ దాటకముందే వెనక చక్రం మెత్తబడేది. టైరు విప్పి వేలితో తడిమితే సన్నటి ఉక్కు ముక్క దొరికేది. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని తీగలు రోడ్డంతా పడతాయని, శనివారం రాత్రి లారీలు ఎక్కువని దాదా వివరించాడు. నమ్మాను. దారిన పోయే ప్రతి ట్రైలరునూ తిట్టుకున్నాను. ఆ తిట్టుకోవడంలో నాన్న వాటా కూడా కలిసి ఉండేదేమో, నోరు ఒక పట్టాన ఆగేది కాదు.

ఆఖరికి మధ్యరకం టైర్లకు దిగాను. నడిభాగంలో గట్టి నేత పట్టీ, పక్కలు మాత్రం పల్చన. వేగమూ ఉంటుంది, మన్నికా ఉంటుంది అన్నారు. దాదా టైరు పక్కను బొటనవేలితో నొక్కి చూసి, "సైడ్‌టా ఖూబ్ పాత్లా," అన్నాడు. పక్కలు బాగా పల్చనట. మరి ఏం కొనమంటారు దాదా అని అడిగితే, ఆయన టీ గ్లాసు అందుకుని అన్నీ ఉన్న టైరు ఇంకా పుట్టలేదన్నాడు. ఇన్నాళ్లూ నా చేత కొనిపిస్తూ వచ్చి ఇప్పుడా చెప్పడం! ఏడుపొచ్చినంత పనయింది.

అవి హాయిగా పరిగెత్తాయి, ఆదివారం వచ్చేవరకు. ఆ ఆదివారం డాకు గోడ పక్కనే మళ్లీ దిగి, టైరులోంచి ఉక్కు ముక్కను పట్టకారుతో లాగి, వీధి దీపం వెలుగులో చూశాను. ఎప్పటికన్నా కాస్త పొడుగ్గా ఉంది. దానికి కన్నుంది, దారం ఎక్కించే బెజ్జం. లారీ తీగలకు కన్నుండదు. నేను కుట్టుమిషను పక్కన పెరిగిన మనిషిని, ఆ కన్ను నాకు తెలుసు. దాని పక్కనే రబ్బరు గాడిలో నిమ్మగింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

దాదా వాళ్లను వెళ్లిపొమ్మని, సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది.

"ఏటే, మళ్లీ అయిందా?"

"ఇదేంటో చూడు," అని అరచెయ్యి చాచాను.

అమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "పద్నాలుగు నెంబరు సూది. నిన్న జాకిట్టు కుడుతుంటే ఇరిగిపోనాది."

"నా టైరులో ఎందుకుంది?"

"మరి నువ్వు ఇంట్లో పెట్టనిచ్చేవేటి? నువ్వెల్లే దారిలో పెట్టేను. నీ సక్రమే నలపాల కదా."

ఆదివారం తెల్లారగట్ల నేను లోపల గాలి కొట్టుకుంటుంటే అమ్మ బిందె పట్టుకుని కుళాయికి వెళ్లేది. కుళాయి మా సందు మొగలోనే ఉంది. అక్కడ కూరగాయల వాళ్లు పారేసిన చెత్త ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, చీకట్లో చక్రం కింద ఏదో చితికినా నేను పట్టించుకునేదాన్ని కాదు. నేను ఎటు వాలి మలుపు తిరుగుతానో అమ్మ కిటికీలోంచి చూసి పెట్టుకుంది. సరిగ్గా ఆ గీత మీదే పెట్టేది. దిష్టి పని ఆదివారమే చెయ్యాలట.

"సూది ఎందుకమ్మా? ఉత్త నిమ్మకాయ చాలదా?"

"ఇనుము నేకపోతే అది ఒట్టి నిమ్మకాయే. పులుసులో పిండుకోడానికి పనికొస్తాది."

అరిచాను. పక్క వాటాల వాళ్లు బయటికి వచ్చేలా అరిచాను. ఎన్ని టైర్లు మార్చానో, ఎన్ని ఆదివారాలు పోయాయో, పోటీ ఇంకెంత దగ్గర్లో ఉందో, అన్నీ ఏకరువు పెట్టాను. అమ్మ చిక్కుళ్లు తుంచుతూనే ఉంది. నేను అలిసిపోయాక తలెత్తకుండా అంది.

"మీ అయ్య సైకిలుకి ఏటీ పెట్నేదు నాను. కొత్తది కాదు కదా, సెకనేండుది, దానికెందుకులే అనుకున్నాను."

జాలేసింది, దుఃఖం వచ్చింది, కానీ కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. సైకిలును గోడకు ఆనించి వెనక చక్రం విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి అమ్మే మెత్తబడింది.

"దారిలో మరి పెట్టను. సరేనా?"

మాట నిలబెట్టుకుంది. తర్వాతి ఆదివారాలు చక్రం ఒక్కసారి కూడా మెత్తబడలేదు. ఆ మధ్యరకం టైర్లు ఇంత మంచివా అని నాకే ఆశ్చర్యం వేసింది. ధైర్యం ఎక్కువైంది, బరువు తగ్గించుకోవాలని అతుకుల డబ్బా ఇంట్లో వదిలేసి, సీటు కింద సంచిలో ఒక్క స్పేరు ట్యూబే పెట్టుకున్నాను. సైకిలును అట్టపెట్టెలో సర్దుతుంటే అమ్మ తాడు పట్టుకుని సాయం చేసింది. హౌరా స్టేషన్‌కి కూడా వచ్చింది.

పోటీ రోజు సముద్రం దయగానే ఉంది. సైకిలెక్కాక ఎదురుగాలి లేదు. టైర్లు సన్నగా పాడుతున్నట్టు శబ్దం చేస్తూ దొర్లుతున్నాయి. కిందటేడు ఆగిపోయిన చోటు దాటినప్పుడు గట్టిగా కేక పెట్టాను కూడా. ఆ తర్వాత కాసేపటికే రోడ్డు అంచున సీసా పెంకు టైరు పక్కను చీల్చింది. నడిభాగాన్ని కాదు, పక్కను. దాదా బొటనవేలు గుర్తొచ్చింది.

అయినా కంగారు పడలేదు. సమయం ఉంది. చక్రం విప్పి, దారిలో తిన్న ఎనర్జీ జెల్లు కవరు మడిచి చీలిక వెనక అడ్డం పెట్టాను. ట్యూబు కోసం సంచి జిప్పు తీశాను. గుప్పున నిమ్మవాసన కొట్టింది.

ట్యూబు చుట్ట మధ్యలో నిమ్మకాయ ఒద్దికగా కూర్చుని ఉంది. దానికి అడ్డంగా సూది దిగి ఉంది, పద్నాలుగు నెంబరే అయి ఉంటుంది. మొన అవతలి వైపుకు వచ్చి ట్యూబులోకి దిగిపోయింది. ఏమో, పైపైనే గీసుకుందేమో అని ట్యూబు ఎక్కించి గాలి కొట్టాను. కొట్టినంత గాలీ బుస్సుమంటూ బయటికి పోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పోయింది. నిమ్మకాయ తీసి బలంకొద్దీ విసిరేద్దామని చెయ్యెత్తాను. వెనక ఇంకా సైకిళ్లు వస్తున్నాయి, సూది ఎవరి టైరులో దిగుతుందోనని విసరలేకపోయాను. దాన్ని వీపు జేబులో వేసుకుని నడిచాను.

గడువు దాటింది. కాలి పట్టీ విప్పేశారు. ఈసారి ఎవరూ బాగా చేశారనలేదు, అదొక్కటే మేలు. గుడారం నీడలో కూర్చుని అమ్మకు ఫోను చేశాను. అవతల మిషను చప్పుడు వినిపిస్తోంది.

"అవ్వలేదమ్మా. మళ్లీ పంచరు. ఉన్న ఒక్క ట్యూబునూ నీ సూది పొడిచేసింది."

"అయ్యో. దారిలో పెట్టనన్నాను కదా అని సంచీలో పెట్టేను," అంది. తర్వాత, "పడిపోనావేటి?"

"లేదు."

"లారీలేటైనా వొచ్చేయా?"

"లేదు. అది కాదమ్మా, నేను పూర్తి చెయ్యలేకపోయాను. రెండోసారి. నీ నిమ్మకాయ పనిచెయ్యలేదు, అర్థమవుతోందా?"

మిషను చప్పుడు ఆగింది.

"నీ రేసు కోసం నానెప్పుడు పెట్టేనే?" అంది అమ్మ. "నువ్వు ఇంటికొస్తన్నావు కదా."