వేలికి తగిలిన ఖాళీ

ఖుర్షీదా పళ్లెంలో రొట్టె పడగానే తినదు. అంచు చుట్టూ చూపుడువేలు తిప్పి, ఎక్కడా ముక్క తగ్గలేదని తేల్చుకున్నాకే తుంచుతుంది. జువ్వలదిన్నెలో ముప్పై ఏళ్లు మంత్రసానితనం చేసిన వేలు అది. కాన్పు కాగానే బిడ్డ వెనకాల పడిన మాయను చేటలో పరిచి, ముక్కేమీ కడుపులో మిగల్లేదు కదా అని అలాగే తడిమేది. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే. వేలు మాత్రం మానలేదు. ఆ తడమడం ఒక్కసారే తప్పింది. తుపానుకు దారులు తెగిన రోజు సొంత కూతురు షబీనాకు తానే పురుడు పోసింది. బిడ్డ ఏడవలేదన్న కంగారులో మాయను తడమలేదు. సాయంత్రానికి నెత్తురు ఆగక షబీనా పోయింది. మాయను పెరట్లో పాతిపెడుతుంటే, అంచున బొటనవేలంత ఖాళీ ఆమె వేలికి తగిలింది.

ఆ రోజు పుట్టిన గుల్నాజ్ ఇప్పుడు నెల్లూరులో నర్సింగు చదువుతోంది. తల్లి జ్వరంతో పోయిందనే ఆ పిల్లకు తెలుసు. మొన్న ఆదివారం అవ్వ రొట్టె తినబోతుంటే పక్కన కూర్చుని పాఠం చదువుకుంటూ, “మాయ తల్లిది కాదంట అవ్వా,” అంది. “పిండం లోపలి భాగం బిడ్డవుద్ది, పై పొర మాయవుద్ది. ఆ పొరే చెట్టు వేళ్ల మాదిరి తల్లి గర్భంలోకి దిగి పట్టుకుంటుంది. మాయకీ బిడ్డకీ మధ్య బొడ్డుతాడు. అంటే కాన్పులో ముక్క మిగిలిపోతే, అది బిడ్డదే.”

రొట్టె అంచున ఖుర్షీదా వేలు ఆగిపోయింది.

“నీ పుస్తకం తప్పు,” అంది నింపాదిగా. “మాయ తల్లిదే. ముక్క మిగిలిందంటే తప్పు మంత్రసానిది. బిడ్డ మీదికి తొయ్యబాకు.”