ఆ ఆదివారం రాలేదు

మొన్న శనివారం మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, సంచీ సోఫా మీద పడేసి, తమ ఆడపిల్లల క్లబ్బును కాలేజీవాళ్ళు ఏడాదిపాటు మూయించేశారని, కొత్తగా చేరిన పిల్లల చేత వెకిలి వేషాలు వేయించిన వీడియో ఎవరో బయటపెట్టడమే దానికి కారణమని, సీసా ఎత్తి చల్లటి నీళ్ళు తాగుతూ మధ్యమధ్యలో చెప్పింది. మా అమ్మాయి, అల్లుడు ఒక్క గొంతుతో మంచి పని జరిగిందన్నారు. బతుకంతా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, తప్పుకు శిక్ష ఉండాలంటే నేనూ కాదనను. అయినా నా నోటి వెంట వచ్చిన మాట వేరు. ఆ కొత్త పిల్లలు ఇప్పుడు ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటున్నారే అని అడిగాను. మనవరాలు నన్ను వింతగా చూసి, "వన్ ఇయరే లా అమ్మమ్మా, మళ్ళా తెరిచేస్తారు" అని, మాట మాటకీ ఇక్కడి పిల్లలు తగిలించే ఆ "లా"తో సహా అనేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను అడిగినదానికి అది జవాబు కాదు.

మన ఈడు వచ్చాక ఏడాది అంటే ఏముంది, ఒక పండగ గిన్నెలు తోమి అలమరలో సర్దేలోగా ఇంకో పండగ వచ్చి కూర్చుంటుంది. కానీ ఇల్లు విడిచి, తెలిసిన ముఖం ఒక్కటీ లేని చోటికి కొత్తగా వచ్చిన పిల్లకి ఏడాది అంటే ఎంత పొడుగో నాకు తెలుసు. ఆ పొడుగు నేను చూశాను.

మాది ఇక్కడే, మలేసియాలోనే, సుంగై సుమున్ వైపు ఎస్టేటు. ముందు రబ్బరు, తరవాత పామాయిలు. కూలీలకి వరసగా కట్టిన మా లైనిళ్ళలో ఈ చివర నుంచి ఆ చివరకి తెలుగే వినబడేది, కోడి మీద అరిచినా, కొళాయి దగ్గర తగువాడినా తెలుగే. మా ఇంట్లో మొట్టమొదట హాస్టలు ముఖం చూసినదాన్ని నేను. టీచరు శిక్షణకి కౌలాలంపూర్‌లో సీటు వచ్చిందంటే మా నాన్న నమ్మక, ఎస్టేటు కేరాణీ, అదే గుమాస్తా, చేత రెండుసార్లు చదివించుకున్నాడు. మా అమ్మ భయపడింది. ఆ కాలేజీలో తెలుగు ఆడపిల్లలకి ఒక సంఘం ఉందని, పై క్లాసు వాళ్ళు కొత్తవాళ్ళని సొంత చెల్లెళ్ళలా చూసుకుంటారని ఎవరో చెప్పాకే బస్సు ఎక్కనిచ్చింది. ఎక్కేటప్పుడు నా చేతిలో ఒక పాత బిస్కెట్ డబ్బా పెట్టింది. దాని నిండా అరిసెలు. నీకు కాదు, అక్కలకి, అని మరీ చెప్పింది.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉండేది. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి వారమంతా పేరు ఉండదు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, కొత్తదానా అంటారు, అంతే. పొద్దున్నే అక్కల బకెట్లు మోసి స్నానాల గది దగ్గర పెట్టాలి, తల నిండా ఇష్టమొచ్చినన్ని జడలు వేస్తే అలాగే క్లాసుకి వెళ్ళాలి, పాడమంటే పాడాలి, భోజనం దగ్గర అందరూ తినేదాకా నిలబడాలి. వారం చివర ఆదివారం నాడు మాత్రం అంతా తిరగబడుతుంది. ప్రతి కొత్త పిల్లకీ ఒక అక్క ఉంటుంది. ఆ అక్క తన చెల్లికి తలంటి, ఒక్కటే జడ అల్లి, పూలు పెట్టి, తన చేత్తో మొదటి ముద్ద పులిహోర పెట్టి, అందరి ఎదటా నీ పేరేటి సెల్లీ అని అడుగుతుంది. ఆ పిల్ల తన పేరు చెప్పాలి. అక్కలందరూ ఆ పేరును ఒకసారి పైకి అనాలి. ఇక అక్కడినుంచి చదువు అయిపోయేదాకా ఆ పిల్లకి దిగుల్లేదు. జ్వరం వస్తే అక్క, పాత పుస్తకాలకి అక్క, పెటాలింగ్ వీధికి తీసుకెళ్ళి బేరమాడటానికి అక్క.

ఆ ఏడు కొత్తవాళ్ళం ఇద్దరమే. నేను, ఇంకో అమ్మాయి. ఆమె పట్నం పిల్ల, ఇంట్లో అరవం మాట్లాడతారు, నాయనమ్మ పుణ్యమా అని కాస్త తెలుగు వచ్చు. బకెట్లు మోసి మోసి చేతులు బొబ్బలెక్కితే, స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చినదాన్నే నేనూ. ఆ వారాన్ని ఇవాళ ముద్దుగా చెప్పుకునేదాన్ని కాను. పిల్లల్ని ఏడిపించి చెల్లెళ్ళని చేసుకోవడం ఏం పద్ధతి అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. నా వంతు అక్క కౌలా సెలంగోర్ ఊరి పిల్ల. పొడుగ్గా, నల్లగా, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. సంఘానికి ఆ ఏడు పెద్ద ఆమే. అందరితో పాటు ఆమె కూడా నా చేత బకెట్లు మోయించింది. కానీ వారం మధ్యలో ఒకరోజు మెట్ల దగ్గర నేను ఒక్కదాన్నే కనబడితే, అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఏడవకు. ఆదివారం దాకా ఓర్సుకో. ఆ తరవాత నీకు నానున్నాను."

ఆ మాట అచ్చం మా లైనిళ్ళ మాటలాగే ఉంది. మా పెద్దమ్మ పక్కింటి గుమ్మంలోంచి అన్నట్టే అనిపించింది. ఆ తరవాత బకెట్లు బరువనిపించలేదంటే అబద్ధం గానీ, మొయ్యగలిగాను.

శుక్రవారం మధ్యాహ్నం వాన పడుతోంది. మా అక్క క్లాసులో ఉంది. మిగతా వాళ్ళకి ఏం తోచిందో, మా ఇద్దరినీ నీళ్ళ బకెట్లతో మూడంతస్తుల మెట్లూ ఎక్కి దిగమన్నారు, ఎవరు ముందొస్తే వాళ్ళకి ఆ పూట సెలవన్నారు. తడి మెట్ల మీద ఆ పట్నం పిల్ల జారి పడింది. చెయ్యి విరిగింది. ఆమె నొప్పితో వేసిన కేకకి హాస్టలంతా బయటికి వచ్చింది. సాయంత్రానికి ఆమె నాన్న కారేసుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, పెట్టెతో సహా పిల్లని తీసుకుపోయాడు. ఆమె మళ్ళీ ఆ కాలేజీకి రాలేదు.

శనివారం పొద్దున్నే వార్డెనమ్మ అందరినీ పిలిచింది. సంఘం ఏడాదిపాటు బందు. సంఘం పిల్లలందరినీ వేరు వేరు బ్లాకులకి మార్చేశారు. భోజనాల గదిలో ఇద్దరు కలిసి ఒక బల్ల దగ్గర కూర్చోకూడదు. అన్నిటికన్నా పైన, కొత్త పిల్లతో మాట్లాడుతూ కనబడితే కాలేజీ నుంచే పంపించేస్తారు. వార్డెనమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఇక నిన్నెవరూ ఏమీ అనరు, భయపడకు అంది. ఆవిడ అన్నది అక్షరాలా నిజమైంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున్న నాకు ఎందుకో ఆశ చావలేదు. తలకి నూనె రాసుకుని, జడలన్నీ విప్పుకుని, మంచం మీద కూర్చున్నాను. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా చూశాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక నా తల నేనే అంటుకున్నాను.

అక్కడినుంచి నా ఏడాది మొదలైంది. భోజనాల గదిలో నేను వెళ్ళి కూర్చుంటే, ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు పిల్ల ఏదో మరిచిపోయినట్టు కంచం పట్టుకుని లేచి వెళ్ళిపోయేది. కోపం కాదు, భయం. వాళ్ళ చదువులు పోతే ఎస్టేటులో పనికి వెళ్ళాల్సిన పిల్లలే అందరూ, వాళ్ళని ఏమని అనను. నాతో గదిలో ఉన్నది కెలంతాన్ నుంచి వచ్చిన మలాయి పిల్ల. బంగారం లాంటి పిల్ల. నాకు జ్వరం వస్తే గంజి తెచ్చి పెట్టింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆమె పేరు పెట్టే పిలిచేది, మాస్టర్లూ పిలిచేవారు, పేరు పిలిచేవాళ్ళు లేక కాదు నా బాధ. జ్వరంలో మనిషి తన భాషలోనే మూలుగుతుంది, ఆ మూలుగు అర్థమయ్యేవాళ్ళు ఆ కాలేజీలోనే అరడజను మంది ఉండీ ఒక్కరూ రాలేని ఒంటరితనం అది. తెలుగులో మాట్లాడాలనిపిస్తే బట్టలు ఉతుక్కుంటూ నాలో నేనే మాట్లాడుకునేదాన్ని.

అక్కని చాలాసార్లు చూశాను. ఒకసారి వరండాలో ఎదురెదురు పడ్డాం. ఆమె ఆగింది. నోరు తెరవబోయి, వెనక ఎవరో వస్తున్న అలికిడికి తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ తరవాత కొన్నాళ్ళకి, సంఘానికి పెద్ద కాబట్టి జవాబుదారీ ఆమెదేనని, ఆ ఏడు పరీక్షకి కూర్చోనివ్వకుండా ఇంటికి పంపేశారు. ఆ పట్నం పిల్ల పడిన మధ్యాహ్నం ఆమె మెట్ల దగ్గర లేనే లేదు. ఆమె పెట్టె పట్టుకుని గేటు దాటడం నేను మేడ మీది కిటికీలోంచి చూశాను. కిందికి పరుగెత్తుకెళ్ళాలనిపించింది. వెళ్తే ఆమెకి ఇంకా ఏం ముప్పు తెస్తానోనని ఆగిపోయాను.

సెలవులకి ఇంటికి వెళ్తే మా అమ్మ మొదట అడిగింది అక్కల గురించే. అరిసెలు నచ్చాయా అంది. చాలా నచ్చాయి, నన్ను బాగా చూసుకుంటున్నారు అన్నాను. ఆవిడ ఆ సంగతి లైనిళ్ళన్నిటికీ చాటి వచ్చి, ఈసారి ఇంకా పెద్ద డబ్బా నింపింది. ఆ అరిసెలు మలాయి పిల్లా నేనూ తిన్నాం, పాపం ఆ పిల్లకి తెగ నచ్చాయి. ఏడాది గడిచి సంఘానికి మళ్ళీ అనుమతి వచ్చింది గానీ, పెద్దవాళ్ళు చదువు ముగించుకుని వెళ్ళిపోయారు, ఆ ఏడు తెలుగు పిల్ల ఒక్కతీ చేరలేదు. సంఘం అంటే నేనొక్కదాన్నే. నన్ను ఎవరూ చేర్చుకోలేదు కాబట్టి, చెప్పాలంటే నేను కూడా కాదు.

తరవాత ఉద్యోగం, క్లాంగ్‌లో పెళ్ళి. అత్తవారింట్లో పేరుకి తెలుగు, మాట అరవం. ఆయన పోయాక అమ్మాయి దగ్గరికి కౌలాలంపూర్ వచ్చేశాను. నాకు తెలుగులో పలకరింపు ఇప్పుడు పెళ్ళిళ్ళలోనే దొరుకుతుంది.

మనవరాలు క్లబ్బు సంగతి చెప్పిన మర్నాడే అలాంటి పెళ్ళి ఒకటి వచ్చింది. తనే కారులో తీసుకెళ్ళింది. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడని ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. చూపు సరిగా లేదు, చేతికర్ర బల్లకి ఆనించుకుంది. నేను అరటాకు మీద నీళ్ళు చల్లుకుంటున్నాను. ఆవిడ వడ్డించే కుర్రవాడితో ఏదో అని నవ్వింది. ఎడమ బుగ్గ మీద సొట్ట. మా అక్క. నేను చల్లుతున్న నీళ్ళు ఆకు దాటి బల్ల మీద పడ్డాయి.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, నేను ఆమెకి వారం రోజుల పిల్లని. తన ఆకులో వేసిన మైసూరుపాకు తీసి, తడుముకుంటూ నా ఆకులో పెట్టింది. తనకి సుగరు ఉందని, పారేస్తే పాపమని, నన్ను తినమని అంది. తరవాత నా వైపు తిరిగి, మామూలుగా, పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగినట్టే అడిగింది.

"నీ పేరేటి సెల్లీ?"

చెప్పాను. మొదటిసారి సరిగా రాలేదు, మళ్ళీ చెప్పాను. ఆవిడ ఆ పేరును ఒకసారి పైకి అని, మంచి పేరు అని, సాంబారు కలుపుకోవడం మొదలుపెట్టింది. నేను ఎవరో చెప్పలేదు. చెబితే నా ఆదివారంతో పాటు, పెట్టె పట్టుకుని గేటు దాటిన ఆమె రోజు కూడా ఆ ఆకు ముందుకి వస్తుంది. మైసూరుపాకు మొత్తం తిన్నాను. నాకూ సుగరు ఉంది.

తిరిగి వస్తుంటే, ఎందుకలా ఉన్నావని మనవరాలు అడిగితే, ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకి చెప్పాను. సగం తెలుగు, సగం అరవం, అర్థమయ్యేలా చెప్పాను. ఈ రోజుల్లో బకెట్లు లేవు, వార్డెనమ్మలు లేరు, హాస్టలు గుమ్మం తొక్కకముందే ఫోనులో ఒకరి ముఖాలు ఒకరికి తెలుసు. మనకన్నా వీళ్ళకి తోడు ఎక్కువ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. టోలుగేటు దగ్గర కార్ల వరసలో ఆగినప్పుడు మనవరాలు, తమ క్లబ్బులో ఈ ఏడు చేరిన ఒక పిల్ల కాంటీనులో ఎప్పుడూ ఒక్కతే కనబడుతుందని, వీడియోలో ఉన్నది ఆమేనని, తామెవరూ ఆమెతో మాట్లాడకూడదని కాలేజీవాళ్ళు అన్నారని మెల్లగా చెప్పింది.

ఆమె పేరేటి అని అడిగాను.

ముందు కారు కదిలితే తనూ కారు కాస్త ముందుకి పోనిచ్చింది. తరవాత, "తెలీదు అమ్మమ్మా," అంది.